డెకోరాలో నార్వే కళలు, ఊరి బయట దోపిడీ బస

అయోవా రాష్ట్రంలోని డెకోరాలో ఏటా జులై చివరి వారాంతంలో నార్డిక్ ఫెస్ట్ జరుగుతుంది. నార్వే నుంచి వలస వచ్చినవారి సంతతి నేటికీ చేస్తున్న చేతిపనులను చూసి, అనుమతించిన కళాకారుల మాటలను రికార్డు చేసుకోవాలని నేనూ నా భార్యా, మా మామగారితో కలిసి మినియాపొలిస్ నుంచి కారులో వెళ్ళాము. ప్రయాణం సుఖంగానే సాగింది.

బస మాత్రం మమ్మల్ని నిలువునా ముంచింది. రాత్రికి 139 డాలర్లని నెట్‌లో చూపినవారే, తాళం ఇచ్చే ముందు పండుగ రద్దీ పేరిట 60, గది శుభ్రం చేసినందుకు 45 అదనంగా అడిగారు. ముందే ఎందుకు చెప్పలేదని నా భార్య నిలదీస్తే, ఇష్టం లేకపోతే వేరేచోటు చూసుకోమని కౌంటరులోని మనిషి తలెత్తకుండానే బదులిచ్చాడు. పండుగ రోజు రాత్రి పది దాటాక వేరేచోటు ఎక్కడ దొరుకుతుంది? 244 డాలర్లు కట్టి తలుపు తీస్తే దుప్పట్ల నిండా సిగరెట్ వాసన, ఏసీ నుంచి తివాచీ మీదికి కారుతున్న నీళ్లు. మామగారు కుర్చీలోనే తెల్లవార్లూ కూర్చుని, మరునాడు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆయన ముఖం మళ్ళీ వికసించింది పండుగలో నార్వే జానపద వాద్యమైన హార్డాంగర్ ఫిడేలు విన్నాకే. కమాను తగిలే నాలుగు తీగల కింద, సితారులోని తరబ్ తీగల వలె, తాకకుండానే పలికే మరికొన్ని తీగలు ఉండడం వల్ల ఆ వాద్యానికి ఎడతెగని ప్రతిధ్వని వస్తుంది. ముత్యపుచిప్ప పొదిగిన దాని పలకను ఆయన చాలాసేపు పరిశీలించారు.

1877లో డెకోరాలోని లూథర్ కళాశాలలో మొదలైన సేకరణ పెరిగి పెద్దదై వెస్టర్‌హైమ్ మ్యూజియం అయింది. వలసదారులు పేరూ సంవత్సరమూ రాయించుకుని తెచ్చుకున్న చెక్కపెట్టెలను చూడటానికే ఒక పూట కేటాయించాలి. వాటి మీది పూలతీగల చిత్రణనే రోజ్‌మాలింగ్ అంటారు. విస్కాన్సిన్‌లోని స్టౌటన్‌లో బండ్లకు రంగులు వేసే పెర్ లిస్నే, 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ పని తగ్గాక చెక్క పళ్ళేల మీద ఈ చిత్రాలు వేసి, అమెరికాలో ఈ కళకు మళ్ళీ ప్రాణం పోశారు. పండుగలో ఒక వృద్ధ చిత్రకారిణి బల్లపరుపు కుంచె ఒక అంచుకు నీలం, రెండో అంచుకు తెలుపు అద్ది, ఒక్క విసురులో వంపు తిప్పితే ఆకుకు నీడా వెలుగూ రెండూ ఒకేసారి వచ్చాయి. ఆమె తన గురువుల పేర్లు వరుసగా చెబుతుండగా రికార్డు చేసుకున్నాను. కళాకారులతో మాట్లాడేవారు ధర అడగడానికి ముందు, ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడగాలి.

బంగాళదుంపతో పల్చగా ఒత్తి, వెన్నా చక్కెరా రాసి చుట్టిన లెఫ్సె అనే రొట్టె మేము వెళ్ళినప్పుడు 5 డాలర్లు. సాధారణంగా శాకాహారులు తినవచ్చు. ఈ పండుగకు వెళ్ళదలచినవారు నెలల ముందే గది తీసుకుని, అన్ని రుసుములూ కలిపి ఎంతవుతుందో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. గది దొరక్కపోతే మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్‌లో దిగి ఉదయాన్నే కారులో రావడం మేలు. అదనంగా తీసుకున్న 105 డాలర్లు తిరిగి ఇమ్మని నేను రాసిన ఉత్తరానికి ఆ బసవారు ఇంతవరకూ జవాబివ్వలేదు.