క్యూరోసర్ఫ్: ఒక ఎన్‌ఐసీయూ నర్సు రివ్యూ

హైదరాబాద్‌లో ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) నర్సుని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లో పోసే సర్ఫాక్టెంట్లలో నా ఓటు క్యూరోసర్ఫ్‌కే. కిలో బిడ్డకు ఇది మొదటి డోసు 2.5 మి.లీ., ఇలాంటిదే ఇంకో మందు సర్వాంటా అయితే 4 మి.లీ. అంత సన్నటి శ్వాసనాళంలో ద్రవం పోస్తుంటే ఆ ఒకటిన్నర మి.లీ. ఎంత తేడానో, మానిటర్‌లో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోవడం చూసినవాళ్లకే తెలుస్తుంది.

పని బాగా చేస్తుంది. గాలి గదులు ముడుచుకుపోకుండా లోపల పొరలా పరుచుకుంటుంది. కొందరికి నిమిషాల్లోనే ఆక్సిజన్ అవసరం తగ్గిపోతుంది. అందుకే, మందు వేశాక, ఆక్సిజన్ పాళ్లు తగ్గించే బ్లెండర్ దగ్గర నుంచి కదలొద్దని కొత్తగా చేరిన అమ్మాయిలకు చెబుతుంటాను. ఎక్కువ ఆక్సిజన్ ఈ పిల్లల కళ్లకు చేటు.

విసుగంతా ఫ్రిజ్‌తోనే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో రాత్రిపూట తెప్పించాలంటే టెన్షనే. ఒకసారి ఏజెన్సీ కుర్రాడు ఐస్ ప్యాక్ లేకుండా జేబులో పెట్టుకొచ్చాడు, వెనక్కి పంపించేశాం. పైగా కిలో బిడ్డకు 3 మి.లీ. వయల్ (మందు సీసా) తెరిస్తే అర మి.లీ. పారబోయాలి. ఆ ధరకు ప్రాణం ఉసూరుమంటుంది.

"ఇది దేన్నుంచి తీస్తారు సిస్టర్?" అని అడుగుతారు. ఇది పంది ఊపిరితిత్తుల నుంచి, సర్వాంటా ఆవు ఊపిరితిత్తుల నుంచి. మా ఊళ్లో ఒక వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే పడక) వాళ్లకు మొదటిది మింగుడుపడదు, పక్క వార్మర్ వాళ్లకు రెండోది. నేను దాచను. "ముందు బిడ్డ దక్కనీ" అని చాలామంది సంతకం పెడతారు.

ల్యాబ్‌లోనే తయారైన సర్ఫాక్టెంట్ ఉంటే ఈ గొడవే లేదు. రాకపోలేదు. 1990లో అమెరికాలో అనుమతి పొందిన ఎక్సోసర్ఫ్‌లో కొవ్వు ఉంది, ప్రోటీన్ లేదు. జంతువుల మందులతో పోటీ పడలేకపోయింది. తర్వాత, ఊపిరితిత్తుల్లో సహజంగా ఉండే ఎస్‌పీ-బీ ప్రోటీన్ చేసే పనే చేసే చిన్న పెప్టైడ్ (ప్రోటీన్ తునకలాంటిది)తో సర్ఫాక్సిన్ వచ్చింది. 2012లో అనుమతి, 2015కల్లా అమ్మకం ఆగిపోయింది. దాన్ని 44 డిగ్రీల దగ్గర పావుగంట వేడి చేయాలట. బిడ్డ నీలంగా మారుతుంటే పావుగంటా! డిజైన్ చేసేవాళ్లు మాతో ఒక్క నైట్ డ్యూటీ చేస్తే బాగుండు.

ఐదుకు నాలుగు స్టార్లు. కాన్పు ముందే అయ్యేలా ఉందని డాక్టర్ అంటే, సర్ఫాక్టెంట్ ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే ఉంటుందా, అర్ధరాత్రి మీరే చీటీ పట్టుకుని పరుగెత్తాలా అన్నది చేరేరోజే అడిగి తెలుసుకోండి.