1941 పెటాన్ 5 ఫ్రాంకుల నాణెం కొనేవారికి హెచ్చరిక

మన నాణేల సేకరణదారులకు బాగా తెలిసిన ఒక అమ్మకందారు దగ్గర విషీ ఫ్రాన్స్ 5 ఫ్రాంకుల నాణెం ఉందని తెలిసి, డబ్బు ముందుగానే పంపి తెప్పించుకున్నాను. నిన్న చేతికి వచ్చింది. అది నకిలీది.

1940లో ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఓడిన తరువాత విషీ పట్టణం నుంచి మార్షల్ పెటాన్ నడిపిన ప్రభుత్వం నాణేల మీద ‘ఫ్రెంచి గణతంత్రం’ అన్న పేరు తీసేసి ‘ఫ్రెంచి రాజ్యం’ అని వేసింది. ‘స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం’ స్థానంలో ‘శ్రమ, కుటుంబం, మాతృభూమి’ అని ముద్రించింది. వాటిలో అల్యూమినియం ఫ్రాంకులు ఇప్పటికీ చవగ్గానే దొరుకుతాయి. పెటాన్ బొమ్మ ఉన్న ఈ రాగి-నికెల్ 5 ఫ్రాంకుల నాణేలను మాత్రం 1 కోటి 37 లక్షలకు పైగా ముద్రించి కూడా చాలావరకు కరిగించేశారు. అందుకే వీటికి అంత ధర, అందుకే ఇన్ని నకిలీలు.

అసలు నాణెం 4 గ్రాములు ఉండాలి. నాకు వచ్చింది 3.4 గ్రాములే తూగింది. రాగి-నికెల్ మిశ్రమం అయస్కాంతానికి అంటుకోదు. ఇది దగ్గరికి తీసుకెళ్లగానే అతుక్కుపోయింది. అంచు దగ్గర పూత లేచి, కింద ఇనుము తుప్పు రంగులో కనిపిస్తోంది. అమ్మకానికి పెట్టిన ఫొటోలో పెటాన్ బుగ్గ మీద సన్నని గీత ఉంది. నా చేతిలో ఉన్నదాని మీద ఆ గీత లేనే లేదు. అసలుది చూపించి నకిలీది పంపారన్నమాట.

ఫోన్ చేస్తే ముందు “పాతది కదండీ, కాస్త తేడా ఉంటుంది” అన్నారు. ఫొటో సంగతి ఎత్తగానే గొంతు మారిపోయింది. “ఒక దేశద్రోహి బొమ్మ కోసం ఇంత గొడవేమిటండీ? మీలాంటివాళ్లే ఇలాంటివి కొంటారు” అని ఫోన్ పెట్టేసి, నా నంబరు బ్లాక్ చేశారు.

పెటాన్‌కు 1945లో దేశద్రోహ నేరం కింద మరణశిక్ష పడిందనీ, అప్పటి ప్రభుత్వాధినేత డి గాల్ దానిని యావజ్జీవ శిక్షగా మార్చారనీ తెలిసే ఆ నాణెం కోరుకున్నాను. ఓడిపోయిన దేశంలో అధికారానికి వచ్చినవారు జనం జేబుల్లోని చిల్లర మీది మాటలను కూడా ఎలా మార్చేశారో చూపించే సాక్ష్యం అది. అటువంటి దానికి బదులు నకిలీది అంటగట్టి, పైగా కొన్నవాడి నీతినే వేలెత్తి చూపడాన్ని నేను క్షమించలేను.

కొనదలచినవారు డబ్బు పంపే ముందే నాణేన్ని త్రాసు మీద పెట్టి, అయస్కాంతం ఆనించి వీడియో కాల్‌లో చూపించమని అడగండి. ఆ అమ్మకందారు దగ్గర ఇవే నాణేలు ఇంకా అమ్మకానికి ఉన్నాయి.