కార్నెగీ కలెక్షన్ డైనోసార్లు: పిల్లల చేతుల్లో, ఆఫీసు పాట్‌లక్ బల్ల మీద

సఫారీ లిమిటెడ్ అనే అమెరికా కంపెనీ, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీతో కలిసి 1988 నుంచి 2015 దాకా డైనోసార్ బొమ్మలు చేసింది. ఆ వరసనే కార్నెగీ కలెక్షన్ అంటారు. ఇప్పుడు కొత్తవి రావు, దొరికేవన్నీ పాతవే. అయినా కూర్చుని రాస్తున్నానంటే, ఇవి మా ఇంట్లో పదేళ్ళకు పైగా నలుగుతున్నాయి. పిల్లలు స్నానాల తొట్టిలో ముంచారు, కారు సీట్ల కింద నెలల తరబడి పడున్నాయి, ప్రతి డిసెంబరులో మా ఆఫీసు పాట్‌లక్‌కి, అంటే తలో వంటకం తెచ్చి కలిసి తినే విందుకి, వచ్చి డ్యూటీ చేశాయి, ఇంత చేశాక కూడా నాలుగు కాళ్ళ మీద నిలబడే ఉన్నాయి. అద్దాల బీరువాలో దాచుకున్నవాళ్ళ సమీక్షలు బోలెడు దొరుకుతాయి, వాడినవాళ్ళవి తక్కువ.

ముందు బొమ్మ సంగతి. చాలా మటుకు 1:40 కొలతలో చేసినవే. అంటే 12 మీటర్ల టైరనోసారస్ 30 సెంటీమీటర్ల బొమ్మ అవుతుంది, 25 మీటర్ల డిప్లొడోకస్ 60 సెంటీమీటర్లు దాటుతుంది. అన్నీ ఒకే బల్ల మీద పెడితే ఏది ఎంత పెద్దదో పిల్లలకి మనం నోరు తెరిచి చెప్పక్కర్లేదు. మామూలు షాపుల్లో దొరికే ప్యాకెట్ బొమ్మల్లో స్టెగోసారస్, బ్రాకియోసారస్ ఒకే ఎత్తులో ఉంటాయి, నాకది భలే చిరాకు. వీటికి రంగులు చేత్తో వేశారు కాబట్టి ఒకే బొమ్మ రెండు కొన్నా కళ్ళ దగ్గర కాస్త తేడా కనిపిస్తుంది. పొట్ట కింద అచ్చు వేసిన ఏడాదిని తప్పకుండా చూడండి, ఎందుకంటే ఆ ఏడాదికి సైన్సు ఎంతవరకు వచ్చిందో బొమ్మ అంతవరకే వస్తుంది. మొదట్లో వచ్చిన టైరనోసారస్ తోక నేలకి ఆనించి నిటారుగా నిలబడుతుంది. ఇప్పుడు మ్యూజియంలో చూస్తే వెన్ను నేలకి సమాంతరంగా, తోక గాల్లో ఉంటుంది. వెలోసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు అంటుకునే బొడిపెలు ఉన్నాయని 2007లో తేలింది, చివర్లో వచ్చిన వెలోసిరాప్టర్ బొమ్మకి ఈకలున్నాయి. స్పైనోసారస్‌కి ఈతకి పనికొచ్చే తెడ్డులాంటి తోక ఉండేదని 2020లో బయటపడింది, పాత బొమ్మకి అదెలా వస్తుంది? అలాగని పాతది తీసేయను. రెండూ పక్కపక్కన పెట్టి, ముందు ఇలా అనుకున్నారు, తర్వాత ఈ ఎముక దొరికింది అని చెప్తే మా అబ్బాయి కళ్ళార్పకుండా వింటాడు.

ఇక ఆఫీసు. మాది పిట్స్‌బర్గ్‌లో మధ్యరకం కంపెనీ. థాంక్స్‌గివింగ్ ముందు ఒకసారి, క్రిస్మస్ ముందు ఒకసారి తలో వంటకం తెచ్చుకుని పెద్ద కాన్ఫరెన్స్ రూములో పెట్టుకుంటాం. ఈ ఊరి పాట్‌లక్ రుచే వేరు. పియెరోగీలు ఉంటాయి, లోపల ఆలుగడ్డ, చీజు పెట్టి అచ్చం మన కజ్జికాయలా మడిచి ఉడికించి వెన్నలో దోరగా వేయించినవి. హలుష్కీ ఉంటుంది, అంటే క్యాబేజీ, ఉల్లిపాయ, నూడుల్స్ వెన్నలో మగ్గబెట్టింది. క్రాక్‌పాట్‌లో, అంటే సన్నగా ఉడికించే కరెంటు కుక్కర్‌లో, కిల్బాసా అనే మాంసం సాసేజ్ కుతకుతలాడుతూ ఉంటుంది. ఇక చివరి బల్ల నిండా కుకీలే, పిట్స్‌బర్గ్ పెళ్ళిళ్ళలో కుకీ టేబుల్ లేకపోతే అది పెళ్ళే కాదన్నట్టు మాట్లాడతారు, ఆ అలవాటు ఆఫీసులోకీ వచ్చేసింది. లేడీ లాక్స్ అని గొట్టంలా చుట్టి లోపల క్రీము నింపినవి వస్తాయి, అవి అయిపోయేలోపు చేరాలంటే మీటింగు మధ్యలోంచి లేవాల్సిందే. ఒక ఏడాది అందరూ క్రాక్‌పాట్‌లన్నీ ఒకే పవర్ స్ట్రిప్‌కి పెట్టేసరికి కరెంటు పోయి, ఆ వరస మొత్తం కంప్యూటర్లు ఆరిపోయాయి. అప్పటినుంచి ఎవరి పాత్ర ఏ ప్లగ్గులో అని కూడా సైనప్ షీటులో ఒక కాలమ్ పెట్టాం.

మా ఇబ్బంది వేరే. టీంలో సగం మందిమి ఇండియా వాళ్ళం, అందులో కొందరు శాకాహారులు, కొందరు గుడ్డు తింటారు మాంసం తినరు, ఒకరికి గుడ్డు వాసన కూడా పడదు. బల్ల మీద బీన్స్ కూర కనిపిస్తుంది, అందులో బేకన్ ముక్కలుంటాయి, అంటే పంది మాంసం. చిలగడదుంప వంటకం మీద మార్ష్‌మాలోలనే మెత్తటి మిఠాయిలు పరుస్తారు, వాటిలో జెలటిన్ ఉంటుంది, జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. చీటీలు రాసి పెట్టేవాళ్ళం, అవి ఆవిరికి మెత్తబడి పడిపోయేవి, లేదా ఎవరి మోచెయ్యో తగిలి పక్క గిన్నె ముందుకి జరిగేవి. ఒకసారి నా బ్యాగులో మా వాడి ట్రైసెరాటాప్స్ ఉంటే తీసి పులిహోర ముందు పెట్టి, దాని కొమ్ముల మధ్య చీటీ గుచ్చాను. అది కదల్లేదు. ఆ బొమ్మలో బరువుంది, చీటీ అలాగే నిటారుగా నిలబడింది.

మరుసటి ఏడాదికి అది ఆనవాయితీ అయిపోయింది. ట్రైసెరాటాప్స్ ఉంటే శాకాహారం. టైరనోసారస్ ఉంటే మాంసం. ఓవిరాప్టర్ ఉంటే గుడ్డు. పాపం ఈ ఓవిరాప్టర్, 1923లో మంగోలియాలో గుడ్ల పక్కన దొరికిందని గుడ్ల దొంగ అని ముద్ర వేశారు, 1990లలో అలాంటి గుడ్డులో పిండం దొరికాక తెలిసింది, అవి దాని జాతి గుడ్లేనని. ఇక చూడ్డానికి శాకాహారంలా ఉండి లోపల జెలటినో, చికెన్ స్టాకో ఉన్న వంటకాలకి డైమెట్రోడాన్. ఎందుకంటే అదీ చూడ్డానికి డైనోసార్, నిజానికి కాదు. డైనోసార్లు పుట్టకముందే బతికి పోయింది, ఎముకల లెక్కలో క్షీరదాల వైపు చుట్టం, అంటే మన వైపు. ప్రతి డైనోసార్ ప్యాకెట్లోనూ అది ఉంటుంది. మా పిల్లలు దానికి చుట్టం మామ అని పేరు పెట్టారు, ఆఫీసులో అమెరికన్లు కూడా ‘చుట్టం’ అనడం నేర్చుకున్నారు. గుడ్డు పడని మా కొలీగ్ ఆ ఏడాది మొదటిసారి ఎవరినీ ఏమీ అడక్కుండా ప్లేటు నింపుకున్నాడు.

పేర్ల విషయం మా అత్తగారి పుణ్యం. ఆవిడది చెన్నూరు దగ్గర పల్లె, మంచిర్యాల జిల్లా. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం బయటికి వెళ్ళలేక, పిల్లల బొమ్మలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. అపాటోసారస్‌ని చేతిలోకి తీసుకుని "ఏందిది బిడ్డా, గింత మెడ?" అన్నారు. ఇలాంటిదాని ఎముకలే మీ పక్కనే యామన్‌పల్లి దగ్గర దొరికాయత్తయ్యా, యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో దానికి కోటసారస్ అని పేరు పెట్టారు, అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది అని చెప్పాను. "మా దిక్కుదా? అట్లయితే వీడు కోటయ్య" అని తేల్చేశారు. ఆ రాత్రి నుంచి పిల్లలకి చెప్పే కథల్లో కోటయ్య ప్రాణహిత ఒడ్డున మేస్తాడు, వరదొస్తే మెడ ఎత్తి అవతలి గట్టు మీద ఎవరున్నారో చూసి చెప్తాడు. ట్రైసెరాటాప్స్ సత్తెమ్మ, ఊళ్ళో పంచాయితీలన్నీ ఆవిడే తీరుస్తుంది. టైరనోసారస్ భీమయ్య. కార్నెగీ మ్యూజియంలో ఉన్న అసలు టైరనోసారస్ ఎముకలు 1941లో న్యూయార్క్ మ్యూజియం నుంచి కొని తెచ్చినవి కాబట్టి, మా కథల్లో భీమయ్య న్యూయార్క్ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన ఉద్యోగి, ఇక్కడి చలి గురించి ఎప్పుడూ గొణుగుతుంటాడు. మ్యూజియం బయట ఉన్న పెద్ద డిప్లొడోకస్ విగ్రహానికి చలికాలం మఫ్లర్ కడతారు, అది చూసొచ్చి మా అమ్మాయి పాత సాక్సు కత్తిరించి బొమ్మలన్నిటికీ మఫ్లర్లు చేసింది. ఈ పాత్రలు పుట్టాకే పిల్లలు బొమ్మల్ని విసిరేయడం మానేశారు. భీమయ్యని ఎవరు విసురుతారు?

మా కలెక్షన్‌లో డిప్లొడోకస్ నేను కొన్నది కాదు. టీంలో ఒక పెద్దావిడ ఉండేవారు, హలుష్కీ ఆవిడదే. నాకోసం ప్రతిసారీ బేకన్ లేకుండా ఇంకో చిన్న గిన్నెలో వేరే చేసి, మూత మీద నా పేరు రాసి తెచ్చేవారు. రిటైరయ్యే ఏడాది పాట్‌లక్‌కి ఒక పొడుగాటి అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. లోపల డిప్లొడోకస్, ఎప్పుడో తన కొడుక్కి మ్యూజియం షాపులో కొన్నదట, కాయితం చుట్టి దాచారు. తోక చివర పిల్లాడి పంటి గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ డిప్లొడోకస్‌ని నేను డబ్బు లెక్కలో ఎప్పుడూ చూడలేను.

కొనాలనుకునేవాళ్ళకి కొన్ని మాటలు. పాతవి అమ్మేవాళ్ళు ఫోటోలో పక్కనుంచి మాత్రమే చూపిస్తారు, పై నుంచి, పొట్ట కింద నుంచి కూడా అడగండి. ముక్కు, వెన్ను, తోక చివర ఇన్నేళ్ళు చేతులు మారాక రంగు పోవడం మామూలే, దానికి ధర తగ్గించమనండి గానీ వదులుకోవద్దు. కాళ్ళు వంకరపోయి పక్కకి ఒరుగుతుంటే బాగా వేడి నీళ్ళలో ఒక నిమిషం ముంచి, మెత్తబడ్డాక సరిచేసి వెంటనే ఐసు నీళ్ళలో పెట్టండి, నిలబడుతుంది. వేరే కంపెనీది ఒక రెండు కాళ్ళ బొమ్మ నా దగ్గరుంది, పేరు అనవసరం, దాన్ని ప్రతి ఎండాకాలం ఇలా నిలబెట్టాల్సి వస్తోంది, పైగా ఒంటికి జిడ్డు పడుతోంది, సబ్బు నీళ్ళతో కడిగితే కొన్నాళ్ళు బాగుంటుంది. పాట్‌లక్‌లో పప్పు చింది సత్తెమ్మ మెడ మీద పసుపు మరక పడింది, ఎంత రుద్దినా పోలేదు. చివరికి కిటికీ దగ్గర ఎండ తగిలేలా పెడితే దానంతటదే వెలిసింది. కానీ అక్కడే వదిలేయకండి, ఎండకి బొమ్మ రంగూ వెలుస్తుంది. ఇంకోటి, పిల్లల బొమ్మల ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపే థాలేట్లనే రసాయనాల్లో కొన్నింటిని అమెరికాలో 2008 చట్టంతో కట్టడి చేశారు. అంతకుముందువి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇవ్వొద్దు, బల్ల మీద కూడా గిన్నె ముందు పెట్టండి, తిండిలో కాదు.

కొత్తవే కావాలంటే అదే కంపెనీ వైల్డ్ సఫారీ వరస చూడండి, ఈకల విషయంలో పాతవాటి కంటే మెరుగు. నేను మాత్రం ముందు ఒక ట్రైసెరాటాప్స్, ఒక టైరనోసారస్, ఒక డైమెట్రోడాన్ కొనమంటాను, ఆటకీ పాట్‌లక్‌కీ అవే సరిపోతాయి. మాకు మిగిలిన వెలితి ఒక్కటే, కోటసారస్ బొమ్మ నాకింతవరకు ఎక్కడా కనిపించలేదు, కోటయ్య పేరు ఇంకా అపాటోసారస్సే మోస్తోంది. ఎవరికైనా హైదరాబాద్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ కంటపడితే చెప్పండి, మా అత్తగారు తిరిగొచ్చేటప్పుడు బ్యాగులో చోటు ఉంచమంటాను.