న్యూయార్క్ మారథాన్‌లో చోటు: ప్రవేశ విధానంపై ఒక సమీక్ష

ఏటా నవంబరు మొదటి ఆదివారం స్టాటెన్ ఐలాండ్‌లో వెరజానో వంతెన దగ్గర మొదలై, బ్రూక్లిన్, క్వీన్స్, బ్రాంక్స్, మాన్‌హాటన్‌ల మీదుగా సాగి సెంట్రల్ పార్కులో ముగిసే న్యూయార్క్ సిటీ మారథాన్ గురించి రాసేవాళ్ళు వంతెనల ఎత్తును, రోడ్డుకు రెండువైపులా నిలబడి కేకలు వేసే జనాన్ని ఎంతైనా వర్ణిస్తారు. ఆ రోడ్డు మీద కాలు పెట్టే హక్కును నిర్వాహక సంస్థ న్యూయార్క్ రోడ్ రన్నర్స్ ఎవరికి, ఏ లెక్కన పంచుతోందో పరిశీలించేవాళ్ళు మాత్రం తక్కువ. పరుగెత్తడం కన్నా చోటు దొరకడమే కష్టమైన ఈ రోజుల్లో, ప్రవేశ విధానాన్ని కూడా డబ్బు పెట్టి కొనుక్కునే ఒక సేవగానే చూసి తూకం వేయాలన్నది నా అభిప్రాయం.

1970లో ఈ పరుగు తొలిసారి జరిగినప్పుడు సెంట్రల్ పార్కు చుట్టూనే తిరిగారు. 127 మంది బయలుదేరితే 55 మంది పూర్తి చేశారు, రుసుము ఒక్క డాలరు. 1976 నుంచి అది నగరంలోని ఐదు బరోలకూ, అంటే ఐదు పాలనా విభాగాలకూ, విస్తరించింది. 2025లో పూర్తి చేసినవాళ్ళే 59 వేల పైచిలుకు. అదే ఏడాది లాటరీకి వచ్చిన దరఖాస్తులు రెండు లక్షలు దాటగా, ఎంపికైనవాళ్ళు నూటికి ఇద్దరో ముగ్గురో. 59 వేల చోట్లున్న పరుగుకు ఇంత తక్కువ మందిని తీసుకోవడమేమిటని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. చోట్లలో అధిక భాగం లాటరీ దాకా రాకముందే వేరే దారుల్లో ఖర్చైపోవడమే అందుకు కారణం. అందరికీ ముందు కనిపించే తలుపు లాటరీయే, కానీ అన్నిటికన్నా ఇరుకైన తలుపూ అదే.

లాటరీ పనితీరులో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. దరఖాస్తు ఉచితం. ఒకప్పుడు దరఖాస్తుకే 11 డాలర్లు తీసుకుని, ఎంపిక కాకపోయినా తిరిగి ఇచ్చేవాళ్ళు కాదు; 2016లో దానిపై కోర్టులో వ్యాజ్యం పడింది, ఆ తర్వాత ఆ రుసుము పోయింది. న్యూయార్క్ పరిసరాల వాళ్ళను, మిగతా అమెరికా వాళ్ళను, విదేశీయులను మూడు గుంపులుగా విడదీసి చీటీలు తీస్తారు. దరఖాస్తులోనే కార్డు నంబరు ఇవ్వాలి, ఎంపికైతే మళ్ళీ అడగకుండా డబ్బు తీసుకుంటారు. న్యూయార్క్ రోడ్ రన్నర్స్ సభ్యులకే 250 డాలర్లు దాటే ఈ రుసుము సభ్యులు కానివాళ్ళకు ఇంకా ఎక్కువ, విదేశీయులకు అన్నిటికన్నా ఎక్కువ. ఫలితాల రోజున అనుభవజ్ఞులు ఈమెయిలు కోసం ఎదురుచూడరు. బ్యాంకు యాప్ తెరిచి, ఖాతాలో ఖర్చు కనబడుతుందేమోనని గంటకోసారి చూసుకుంటారు. డబ్బు పోయిందని బ్యాంకు పంపే సందేశం చూసి మనుషులు ఎగిరి గంతేసే సందర్భం ఇదొక్కటేనేమో.

నాకున్న అభ్యంతరమల్లా ఈ లాటరీకి జ్ఞాపకశక్తి లేకపోవడం మీద. వరసగా మూడేళ్ళు చోటు దక్కనివాళ్ళకు నాలుగో ఏడు తప్పక ఇచ్చే నియమం ఒకప్పుడు ఉండేది. దరఖాస్తులు పెరిగిపోవడంతో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు పదేళ్ళుగా పేరు ఇస్తున్నవాడూ, నిన్న బూట్లు కొన్నవాడూ చీటీల డబ్బాలో సమానమే. ఏడాదికి అవకాశం నూటికి మూడేననుకుంటే, పదేళ్ళు వరసగా ప్రయత్నించినా ఒక్కసారైనా పేరు వచ్చే అవకాశం నూటికి 26 మాత్రమే. అది సగానికి చేరాలంటే 23 ఏళ్ళు దరఖాస్తు చేయాలి. పాత నియమాన్ని యథాతథంగా తేవడం ఈ సంఖ్యలతో సాధ్యం కాదు, నిజమే. కానీ నిరాకరణకు ఒకటి చొప్పున అదనపు చీటీ వేస్తే ఎదురుచూసినవాళ్ళకు కొంతైనా న్యాయం జరుగుతుంది. ఈలోగా నక్క తోక తొక్కినవాళ్ళను చూసి నిట్టూర్చడం తప్ప చేయగలిగింది లేదు కాబట్టి, లాటరీకి పేరు ఇచ్చి దాన్ని మర్చిపోవడం మంచిది.

ఈ వ్యవస్థలో నిజంగా మెచ్చుకోవలసినది ‘తొమ్మిది ప్లస్ ఒకటి’ పద్ధతి. సంస్థలో సభ్యత్వం తీసుకుని, ఒక క్యాలెండర్ ఏడాదిలో అది నిర్వహించే అర్హత పరుగుల్లో తొమ్మిదింటిని పూర్తి చేసి, మరొక దానికి వాలంటీరుగా పనిచేస్తే, మరుసటి ఏడాది మారథాన్‌లో చోటు ఖాయం. వేగంతో నిమిత్తం లేదు. వాటిలో చాలా పరుగులు సెంట్రల్ పార్కులో జరిగే చిన్న దూరాలవే కాబట్టి, ఏడాది గడిచేసరికి మనిషి తనకు తెలియకుండానే మారథాన్ సాధనకు పునాది వేసుకుని ఉంటాడు. ఇక ఆ వాలంటీరు పని గురించి: తెల్లవారకముందే చేరుకుని, బల్లల మీద కాగితపు కప్పులు వరసగా పేర్చి నీళ్ళు నింపి, పైన అట్ట పరిచి దాని మీద మళ్ళీ ఒక అంతస్తు పేర్చాలి. తర్వాత అరచేతిలో కప్పు నిలబెట్టి చేయి చాచి నిలుచుంటే, దూసుకొచ్చే రన్నరు దాన్ని లాక్కున్నప్పుడు సగం నీళ్ళు మన చొక్కా మీదే పడతాయి. చివరి మనిషి దాటిపోయాక నలిగిన కప్పులను ఊడ్చి సంచుల్లోకి ఎత్తేదీ మనమే. మారథాన్ పరుగెత్తబోయే ప్రతి ఒక్కరూ ఈ పని ఒక్కసారైనా చేయడం సబబేనని అక్కడ నిలబడితే అర్థమవుతుంది. అందుకే ఈ పనికి బదులు 1,000 డాలర్ల విరాళం ఇచ్చి తప్పుకునే వెసులుబాటు కల్పించడం నాకు రుచించలేదు.

అయితే ఈ దారి కూడా ఏడాదికేడాది ఇరుకవుతోంది. గిరాకీ పెరగడంతో అర్హత పరుగులే త్వరగా నిండిపోతున్నాయి. రిజిస్ట్రేషన్ తెరిచిన వేళకు తెర ముందు లేనివాళ్ళు వెనకబడిపోతున్నారు. కాళ్ళ సత్తాకు పెట్టిన పరీక్షలో ముందు వేళ్ళ చురుకుదనం నెగ్గవలసి రావడం విచారకరం. ఖర్చూ తక్కువేమీ కాదు: సభ్యత్వం, తొమ్మిది పరుగుల రుసుములు, రానుపోను ప్రయాణాలు, ఇవన్నీ అయ్యాక మారథాన్ రుసుము పూర్తిగా వేరే. నగరానికి దగ్గరలో ఉండనివాళ్ళకు ఈ దారి ఉన్నా లేనట్టే.

వేగం ఉన్నవాళ్ళకు అర్హత సమయాల దారి ఉంది: 18 నుంచి 34 ఏళ్ళ పురుషులకు మారథాన్‌లో 2 గంటల 53 నిమిషాలు, మహిళలకు 3 గంటల 13 నిమిషాలు, హాఫ్ మారథాన్ సమయాలనూ అంగీకరిస్తారు. వేరే సంస్థల పరుగుల్లో సాధించిన సమయాలకు చోట్లు పరిమితం. సేవా సంస్థల తరఫున పరుగెత్తేవాళ్ళు సాధారణంగా 3,000 డాలర్లు, అంతకు మించి విరాళాలు సేకరించాలి. తక్కువ పడితే ఆ లోటు తమ జేబులోంచి పూడ్చాలని చాలా ఒప్పందాల్లో ఉంటుంది, కాబట్టి సంతకం చేసేముందు ఆ వాక్యం చదవాలి. విదేశాల్లో ఉండేవాళ్ళకు, హోటలుతో కలిపి చోటు అమ్మే గుర్తింపు పొందిన ట్రావెల్ సంస్థలు మరో మార్గం. ఖరీదెక్కువైనా ఖాయమైన దారి.

పోల్చి చూస్తే న్యూయార్క్ మరీ కఠినమైనదేమీ కాదు. 2026 లండన్ మారథాన్ లాటరీకి 11 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. బోస్టన్‌లో అర్హత సమయం సాధించినా చాలదు: 2025లో నిర్దేశించిన సమయం కన్నా 6 నిమిషాల 51 సెకన్లు ముందున్నవాళ్ళకే చోటు దక్కగా, అర్హులైన 12 వేల మందికి పైగా వెనుదిరిగారు. బెర్లిన్‌లో ముగ్గురు స్నేహితుల దాకా ఒక జట్టుగా దరఖాస్తు చేయవచ్చు, వస్తే అందరికీ వస్తుంది, లేదంటే ఎవరికీ రాదు. జంటగా పరుగెత్తాలనుకునేవాళ్ళకు ఆ పద్ధతి నిజంగా మేలు. న్యూయార్క్ కూడా దాన్ని అనుసరించవచ్చు.

చోటు దొరికిన తర్వాతి నియమాల గురించి ఒక హెచ్చరిక. గాయమై పరుగెత్తలేకపోతే గడువులోగా రద్దు చేసుకున్నవాళ్ళకు మరుసటి ఏడాది చోటు ఇస్తారు, కానీ మొదట కట్టిన డబ్బు తిరిగి రాదు, మరుసటి ఏడాది మళ్ళీ పూర్తి రుసుము కట్టాలి. ఒక్క పరుగుకు రెండుసార్లు చెల్లించడమన్నమాట. ఇక బిబ్ నంబరును, అంటే పరుగెత్తేటప్పుడు చొక్కాకు తగిలించుకునే నంబరు పట్టీని, మరొకరికి ఇవ్వడం, అమ్మడం నిషిద్ధం. ఇంటర్నెట్‌లో అమ్మకానికి కనబడే బిబ్బులను కొంటే డబ్బుతోపాటు ముందు ముందు పాల్గొనే హక్కూ పోవచ్చు. రద్దు గడువు తేదీని మాత్రం, బ్యాంకు నుంచి సందేశం వచ్చిన రోజే ఫోనులో గుర్తు పెట్టుకోవడం మేలు.