విమాన మ్యూజియంలో వాలంటీరు: కథ చెప్పడం మేలా, రివెట్లు ఊడదీయడం మేలా?

సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్లకు కొదవ లేదు. వారాంతం ఖాళీని విమానాల మధ్య గడపాలనుకునేవారికి, ఉద్యోగం చేసే భర్త లేదా భార్య వెంట హెచ్-4 వీసా మీద వచ్చి ఇంట్లో పొద్దుపోనివారికి బోయింగ్ ఫీల్డ్ విమానాశ్రయం పక్కనున్న మ్యూజియం ఆఫ్ ఫ్లైట్ మంచి చోటు. చేయగల సేవలు చాలానే ఉన్నా నా లెక్కలో అసలు పోటీ రెండింటి మధ్యే: సందర్శకులకు విమానాల గురించి వివరించే డోసెంటు పని, పాత విమానాలను విప్పి మళ్లీ కూర్చే పునరుద్ధరణ పని.

మొదట్లో నా మొగ్గు రెండోదానివైపే. చేతికి గ్రీజు అంటకపోతే అదేం విమానాల సేవ అనుకునేవాణ్ణి. కానీ ఆ పని దగ్గరగా చూడాలి. విమానం రేకులను కలిపి ఉంచే లోహపు మేకులే రివెట్లు. పాత రేకు తీయాలంటే ఒక్కో రివెట్ తల నడుమ చిన్న గుంట కొట్టి, సరైన డ్రిల్లుతో తల మందం వరకే తొలిచి, తల ఎగరగొట్టి, మిగిలిన కాడను వెనక్కి దిగగొట్టాలి. డ్రిల్లు కాస్త జారితే రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. అప్పుడు అక్కడ మరింత లావు రివెట్ వేయక తప్పదు. అలా ఒకటి పూర్తయ్యేసరికి పక్కన ఇంకో రెండు వందలు ఎదురుచూస్తుంటాయి. కొత్త రేకు జరగకుండా పట్టి ఉంచేవి క్లెకోలు అనే స్ప్రింగు పిన్నులు. రాగి రంగుది అంగుళంలో ఎనిమిదో వంతు రంధ్రానికి, నల్లది అంతకన్నా కొంచెం పెద్దదానికి. వాటిని రంగులవారీగా డబ్బాల్లో సర్దడంతోనే కొత్తవారికి ఒక పూట గడిచిపోతుంది.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుందంటారా? మొట్టమొదటి బోయింగ్ 727 ప్రయాణికుల విమానాన్నే చూడండి. 1991లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ దాన్ని మ్యూజియానికి ఇచ్చింది. దగ్గర్లోని ఎవరెట్ ఊళ్లో పెయిన్ ఫీల్డ్ విమానాశ్రయంలో వాలంటీర్లు దానిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2016 మార్చి 2న అది బోయింగ్ ఫీల్డ్‌కు ఎగిరి వచ్చింది. పావుగంట ప్రయాణానికి పాతికేళ్ల చాకిరీ! ఆ ఓపిక అందరికీ ఉండదు. నాకు లేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

డోసెంటు పనికి ముందుగా తరగతులకు కూర్చోవాలి, బాగా చదవాలి. కానీ నేర్చుకున్నది ఆ వారమే చెప్పుకోవచ్చు. అక్కడున్న కంకార్డ్, అంటే ధ్వనికన్నా వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానం, 2003 నవంబరు 5న న్యూయార్క్ నుంచి 3 గంటల 55 నిమిషాల్లో వచ్చింది. ధ్వనివేగాన్ని మించినప్పుడు వేడికి దాని ఒళ్లు అంగుళాల కొద్దీ సాగేది; ఫ్లైట్ ఇంజనీరు ప్యానెల్ పక్కన సందు తెరుచుకునేది. చివరి ప్రయాణంలో ఇంజనీరు తన టోపీని ఆ సందులో దూర్చాడు. విమానం చల్లబడగానే టోపీ ఇరుక్కుపోయింది. తర్వాత ఎవరో బయటికి కనిపించే ముక్కను కత్తిరించి పట్టుకుపోయారు. ఏ చర్యా తీసుకోబోమని మ్యూజియం ప్రకటిస్తే ఆ ముక్క తిరిగి వచ్చింది! ఈ కథ విన్నాక ఏ పిల్లవాడూ అమ్మ చేయి పట్టుకుని లాగడు.

తెలుగువారికి మరో సౌలభ్యం ఉంది. ఇంటినుంచి వచ్చిన అమ్మానాన్నలు విశాఖ బీచిలో మ్యూజియంగా మార్చిన నౌకాదళ విమానం టీయూ-142 చూసే ఉంటారు. వాళ్లను ఇక్కడి మ్యూజియంలోని అమెరికా బాంబర్ బీ-29 ముందు నిలబెట్టి టీయూ-142ది ఇదీ అని దాని వంశవృక్షం చెప్పవచ్చు: రెండో ప్రపంచయుద్ధంలో తమ చేతికి చిక్కిన బీ-29లను సోవియట్లు విప్పి చూసి టీయూ-4 కట్టారు, ఆ వరసలోనే టీయూ-95, దాని బిడ్డే టీయూ-142. “అయితే మన బీచిలోది దీని మనవడన్నమాట” అంటారు పెద్దవాళ్లు.

ఇంగ్లీషులో నలుగురి ముందు మాట్లాడటానికి జంకేవారు ఈ పనికి వెనకాడతారు. నా ఉద్దేశంలో వాళ్లకే ఇది ఎక్కువ అవసరం. ఒకే కథను ముప్పైసార్లు చెప్పాక ఏ భాషైనా నోటికి లొంగుతుంది. మనుషుల మొహం చూస్తేనే విసుగొచ్చేవారికి పాత ఫోటోలు, పత్రాలు సర్దే పని ఉండనే ఉంది. దాన్ని ఈ పోటీలోకి లాగను.

ఉద్యోగానికి అనుమతి లేని హెచ్-4 వారికి ఒక్క జాగ్రత్త: మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసిపెడితే సేవ అనిపించుకోకపోవచ్చు. ఒప్పుకునే ముందు లాయరును అడగండి.

వారానికి ఒక పూటే చిక్కేవారు ముందు డోసెంటు పనిలో చేరడమే మేలు. ఏడాది గడిచాక కూడా మనసు రివెట్ల మీదే ఉంటే పునరుద్ధరణ షెడ్డుకు వెళ్లండి. ఏ విమానం కోసం చేతులు నొప్పి పుట్టించుకోవాలో అప్పటికి మీకే తెలిసి ఉంటుంది.