ఫోనుకు తోడుగా డాక్ యాంప్లిఫయర్: ఏడేళ్ల వాడకం తరువాత

నా దగ్గరున్న పెద్ద హెడ్‌ఫోన్లు సెన్‌హైజర్ హెచ్‌డీ 600. వాటి ఇంపీడెన్స్, అంటే విద్యుత్తుకు అడ్డుపడే గుణం, 300 ఓమ్‌లు. 2018 వేసవిలో వాటిని మొదటిసారి ఫోనుకు తగిలించి ఈమని శంకరశాస్త్రి వీణ పెట్టుకున్నాను. వాల్యూమ్ చివరిదాకా పెంచినా వీణ పక్కింట్లో మోగుతున్నట్లే ఉంది. పాత రికార్డింగు కాబట్టి ధ్వని స్థాయి అసలే తక్కువ. ఆలాపనలో ఆయన తీగను లాగి ఒక స్వరాన్ని నిలిపి, అది మెల్లగా కరిగిపోయే చోటు పూర్తిగా ఫ్యాను చప్పుడులో కలిసిపోయింది. ఖమ్మంలో మే నెలలో ఫ్యాను ఆపి సంగీతం వినడం కుదిరే పని కాదు. ఆ వారమే జేబులో పట్టే డాక్ (డీఏసీ, అంకెల రూపంలోని పాటను విద్యుత్ తరంగంగా మార్చేది) యాంప్లిఫయర్ ఒకటి కొన్నాను. ఏడేళ్లు దాటింది. ఈలోగా నాలుగు ఫోన్లు మారాయి. ఆ పెట్టె మాత్రం ఇంకా నా బల్ల మీదే ఉంది.

ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది కనుక పేరు చెప్పినా కొనేవారికి ఉపయోగం లేదు. దాని వంటివి ఇప్పటికీ వస్తున్నాయి. పేకముక్కల పెట్టెంత పరిమాణం, లోపల బ్యాటరీ. ఒక చివర యూఎస్‌బీ రంధ్రాలు రెండు: ఒకటి ఛార్జింగుకు, ఒకటి పాటకు. మరో చివర 3.5 మిల్లీమీటర్ల జాక్, గుండ్రంగా తిరిగే వాల్యూమ్ నాబ్, పక్కన గెయిన్, అంటే శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచాలన్నది, మార్చే చిన్న స్విచ్. ఫోను నుంచి పాట అంకెల రూపంలో కేబుల్ గుండా వస్తుంది. డాక్ ఆ అంకెలను విద్యుత్ తరంగంగా మారుస్తుంది, యాంప్లిఫయర్ దానికి బలమిస్తుంది. ఈ రెండు పనులూ ఫోను కూడా చేస్తుంది. మరి విడిగా ఇంకొకటి ఎందుకన్న ప్రశ్నకు నాకు సరైన జవాబు దొరకడానికి చాలా నెలలు పట్టింది.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. ప్రయోగశాలలో మల్టీమీటరు ఉంది కాబట్టి ఒకరోజు 100 హెర్ట్జ్ శబ్దాన్ని పూర్తి వాల్యూమ్‌లో మోగించి కొలిచాను. అప్పటి నా ఫోను జాక్ దగ్గర దాదాపు అర వోల్టు వచ్చింది. పెట్టెను హై గెయిన్‌లో పెడితే రెండు వోల్టులు వచ్చింది. వోల్టేజీ వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే శక్తి తెలుస్తుంది. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకు ఫోను ఇచ్చేది ఒక మిల్లీవాట్ కూడా లేదు, పెట్టె ఇచ్చేది 13 మిల్లీవాట్లు. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 12 తేడా. అదే అర వోల్టు 32 ఓమ్‌ల మామూలు ఇయర్‌ఫోన్లలోకి వెళితే దాదాపు 8 మిల్లీవాట్లు అవుతుంది. చెవులు దిమ్మెక్కడానికి అది చాలు.

ఈ లెక్క చేతికొచ్చాక మా తమ్ముడిని పిలిచి పరీక్ష పెట్టాను. రెండింటి వోల్టేజీ మల్టీమీటరుతో సమానం చేసి, నాకు కనబడకుండా వాడు తీగలు మార్చాడు. మామూలు ఇయర్‌ఫోన్లతో, ఏది ఫోనో ఏది పెట్టో పదిసార్లలో ఆరుసార్లు సరిగా చెప్పాను. నాణెం ఎగరేసి చెప్పినా అయిదు వస్తాయి. అంతకు ముందు వారం వరకు అవే ఇయర్‌ఫోన్లతో, పెట్టె తగిలించగానే వయొలిన్ కమాను రాపిడి కూడా వినబడుతోందని సహోద్యోగులకు చెప్పాను. నేను అప్పుడు విన్నది కాస్త పెద్ద శబ్దాన్నే. ఒకటి రెండు డెసిబెల్స్ పెరిగితే చెవి దాన్ని శబ్దం పెరగడంగా గుర్తించదు, స్పష్టతగానో నిండుదనంగానో తీసుకుంటుంది. దుకాణంలో రెండు పరికరాలను పక్కపక్కన వినిపించేటప్పుడు రెండింటి శబ్దమూ సమానంగా ఉందో లేదో అడగండి. ఈ ఒక్క ప్రశ్న నాకు ముందే తెలిసి ఉంటే ఇయర్‌ఫోన్ల కోసమంటూ ఇంకో పరికరం కొని డబ్బు పోగొట్టుకునేవాణ్ణి కాదు.

హెచ్‌డీ 600తో మాత్రం పరీక్షలు అక్కర్లేదు. కచేరీలో మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం ఒకటి పెట్టుకోండి చాలు. మృదంగం ఎడమ వైపు తొప్పి మీద రవ్వ ముద్ద అద్దిన తరువాత వచ్చే గుంకీ ఉంది చూశారూ, అది మొదలయ్యేటప్పుడు ఒక దెబ్బ, తరువాత అరచేతి అంచు నొక్కుతూ పైకి సాగే మోత. ఫోనుతో విన్నప్పుడు దెబ్బ వినబడి మోత మాయమయ్యేది. కచేరీ రికార్డింగులో పాట సగటు స్థాయి కంటే మృదంగం దెబ్బలు 15, 20 డెసిబెల్స్ పైకి లేస్తాయి. వాటి కోసం చోటు వదిలి రికార్డు చేస్తారు కాబట్టి గాత్రమూ తంబురా మెల్లగా వినబడతాయి. సినిమా పాటల్లో అంతా ఒకే ఎత్తుకు నొక్కేసి ఉంటుంది కనుక అవి ఫోనుతోనే సరిపోతాయి. కర్ణాటక సంగీతం, హిందుస్తానీ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినేవారికి ఆ 12 డెసిబెల్స్ నిజంగా అవసరం. పెట్టె వచ్చాక తంబుర శ్రుతి ఫ్యాను చప్పుడు మీదకు తేలింది. ఆ రాత్రి శంకరశాస్త్రి ఆలాపన మళ్లీ పెట్టుకున్నాను. తీగ మీద వేలు జారే చప్పుడు, ఆ తరువాత స్వరం తగ్గుతూ పోయి నిశ్శబ్దంలో ఆగే చోటు, అన్నీ దక్కాయి. కొన్న డబ్బుకు ఫలితం ఆ ఒక్క రాత్రికే ముట్టిందని ఇప్పటికీ అనుకుంటాను.

రికార్డింగులో లేనిదాన్ని ఇది తేలేదని కూడా తెలుసుకోవాలి. 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి ఎక్కించిన ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నా దగ్గర కొంత ఉంది. అందులో సూది గీసుకునే చప్పుడు వయొలిన్‌తో పాటే పెరిగింది.

చెవిలోకి దూరే సున్నితమైన ఇయర్‌ఫోన్లతో ఈ పెట్టెకు పొసగలేదు. పాట ఆగినప్పుడు వెనుక సన్నగా సుయ్‌మనే రొద ఉండేది. ఫోను జాక్‌లో ఆ రొద లేదు. పైగా నాబును కొద్దిగా మాత్రమే తిప్పే స్థాయిలో ఎడమ చెవిలో శబ్దం కుడి చెవి కన్నా ఎక్కువగా వచ్చేది. ఇలా తిరిగే నాబుల్లో చాలావాటికి తిప్పడం మొదలుపెట్టే చోట రెండు వైపులూ సరిగ్గా కలవకపోవడం మామూలే. గెయిన్ తగ్గించి, ఫోనులో వాల్యూమ్ కూడా కాస్త దించి, నాబును మధ్యదాకా తీసుకువస్తే సమస్య పోయింది. సున్నితమైన ఇయర్‌ఫోన్లే మీ ప్రధాన సాధనమైతే ఎక్కువ శక్తి ఉన్న పరికరం వెంట పడకండి. రొద తక్కువగా, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (పరికరం తన వైపు నుంచి చూపే అడ్డు) ఒక ఓమ్ దగ్గరగా ఉన్నది చూసుకోండి. ఒకే ఇయర్‌ఫోనులో మూడు నాలుగు డ్రైవర్లు (శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్లు) ఉన్నవైతే ఆ రెండో అంకె మరీ ముఖ్యం, అది ఎక్కువైతే పాట రంగే మారిపోతుంది.

గెయిన్ స్విచ్ విషయంలో ఒక హెచ్చరిక. ఒకరోజు హెడ్‌ఫోన్లు విన్న తరువాత స్విచ్ హైలోనే వదిలేసి, ప్రయాణంలో ఇయర్‌ఫోన్లు తగిలించాను. సంచిలో నాబు కూడా తిరిగి ఉంది. పాట మొదలవగానే చెవిలో సూది గుచ్చినట్లయింది. రెండు రోజులు కుడి చెవిలో కీచుమని మోగుతూనే ఉంది. ఆ తరువాత తగ్గింది కాబట్టి సరిపోయింది. పెద్దవారు వారానికి 40 గంటలకు మించకుండా 80 డెసిబెల్స్ స్థాయిలో వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫోను దానంతటది హెచ్చరిక చూపిస్తుంది, ఈ పెట్టెలకు ఆ తెలివి లేదు. అప్పటి నుంచి నాబును సున్నాకు తిప్పి, పాట మొదలయ్యాక పెంచడం అలవాటు చేసుకున్నాను.

ఇక ఫోన్ల సంగతి. ఆండ్రాయిడ్‌లో యూఎస్‌బీ ద్వారా పాట బయటికి పంపే సౌకర్యం 2014లో 5.0 వెర్షన్‌తో అధికారికంగా వచ్చింది కాబట్టి నా మొదటి ఫోను మైక్రో యూఎస్‌బీదే అయినా ఓటీజీ కేబుల్‌తో (ఫోనుకు బయటి యూఎస్‌బీ పరికరాలను తగిలించే కేబుల్) వెంటనే పని చేసింది. రెండోది టైప్-సి, అదీ పేచీ పెట్టలేదు. మూడో ఫోనుతో ఆరు నెలలు విసిగిపోయాను. అందులో సెట్టింగుల్లోకి వెళ్లి ప్రతిసారీ ఓటీజీ ఆన్ చేయాలి. పది నిమిషాలు ఏమీ మోగకపోతే దానంతటదే ఆగిపోతుంది. ఎవరైనా వచ్చి నాలుగు మాటలు మాట్లాడి వెళ్లేసరికి పెట్టె ఫోనుకు కనబడకుండా పోయేది. పైగా దానికి జాక్ కూడా లేదు. హైదరాబాదు కోఠిలో చవకగా ఒక టైప్-సి జాక్ అడాప్టరు కొన్నాను, ఇంటికొచ్చి పెడితే మౌనం. అందులో డాక్ లేదు, ఉత్త తీగలే. ఫోనే తన లోపలి నుంచి అనలాగ్ శబ్దం పంపితే తప్ప అలాంటివి పని చేయవు. కొన్ని ఫోన్లే అలా పంపుతాయి. టైప్-సి అడాప్టరు కొనేటప్పుడు లోపల డాక్ ఉందా లేదా అని అడిగి తీరాలి. మా ఆవిడ ఐఫోనుకైతే లైట్నింగ్ రంధ్రానికి కెమెరా అడాప్టరు మధ్యలో పెట్టాల్సి వచ్చేది. 2023లో ఐఫోన్ 15 టైప్-సికి మారాక ఆ అవస్థ పోయింది.

ఆండ్రాయిడ్ మామూలుగా పాటలన్నిటినీ 48 కిలోహెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 48 వేల నమూనాలకు, మార్చి పంపుతుంది, సీడీ పాటలేమో 44.1. దీన్ని తప్పించుకోవడానికి సొంత యూఎస్‌బీ డ్రైవరు (పరికరంతో నేరుగా మాట్లాడే సాఫ్ట్‌వేర్) ఉన్న ప్లేయరు యాప్ కొనుక్కున్నాను. ఏడాది పాటు వాడాను. తేడా వినబడలేదు. వినబడిందని చెప్పేవారితో నాకు తగవు లేదు గానీ, ముందు హెడ్‌ఫోన్ల మీద ఖర్చు పెట్టి ఆ తరువాతే దీని గురించి ఆలోచించమంటాను.

ప్రయాణంలో అసలు ఇబ్బంది వేరే ఉంది. నెలకు రెండుసార్లు రైల్లో సికింద్రాబాదు వెళ్తాను. ఫోనునూ పెట్టెనూ రబ్బరు బ్యాండ్లతో వీపులు ఆనించి కట్టి జేబులో పెట్టుకునేవాణ్ణి. డోర్నకల్ దాటి సిగ్నల్ పలచబడేసరికి పాటలో గర్ర్ గర్ర్‌మని రొద మొదలయ్యేది. సిగ్నల్ తగ్గితే ఫోను ఎక్కువ బలంతో ప్రసారం చేస్తుంది. అందులోనూ 2జీకి దిగితే ఆ పాత పద్ధతి (జీఎస్ఎం) ప్రసారం సెకనుకు 217 సార్లు ఆగి ఆగి వెలువడుతుంది. ఆ లయే యాంప్లిఫయర్‌లోకి చొరబడి చెవికి వినిపిస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే క్షణంలో నిశ్శబ్దం. ఇంటి నుంచి ఫోన్ వస్తే అందదు మరి. చివరికి రబ్బరు బ్యాండ్లు తీసేసి, జానెడు కేబుల్ వేసి, రెండింటినీ వేర్వేరు జేబుల్లో పెట్టాను. రొద చాలావరకు పోయింది. ఎండాకాలంలో రెండూ ఒకదాన్నొకటి వేడెక్కించుకోవడం కూడా తగ్గింది.

కేబుళ్లు ఈ ఏడేళ్లలో మూడు పాడయ్యాయి. మూడూ ఫోను వైపు మెడ దగ్గరే తెగాయి. ఎల్ ఆకారంలో వంగిన కొన ఉన్నది నాలుగేళ్లుగా నడుస్తోంది. ఒకటి అదనంగా సంచిలో ఉంచుకోవడం మంచిది.

2024 వేసవిలో పెట్టె వెనుక రేకు కాస్త పైకి లేచింది. నాబు దగ్గర అతుకు గీత కలవడం లేదు. బ్యాటరీ ఉబ్బిందని అర్థమై వెంటనే ఛార్జింగు ఆపాను. తప్పు నాదే అనుకుంటాను: ఇంట్లో వినేటప్పుడు రోజూ ఛార్జరు తీయకుండానే ఉంచేవాణ్ణి, ఏడాదిలో మూడు నెలలు ఆ గదిలో సెగ. లిథియం బ్యాటరీకి నిండు ఛార్జీ, వేడి రెండూ కలిస్తే ఆయుష్షు తగ్గుతుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం చేయకూడదు, ఇంట్లో విప్పే ప్రయత్నమూ వద్దు. ఫోన్లు బాగుచేసే ఒకాయన అదే కొలతల బ్యాటరీ తెప్పించి రెండు వారాల్లో మార్చి ఇచ్చారు. మొదట్లో పది గంటలు వచ్చేది చివరికి నాలుగుకు పడిపోయి ఉంది, ఇప్పుడు మళ్లీ తొమ్మిది వస్తోంది. ఛార్జరు పెట్టి వింటే వెనుక సన్నని హమ్ ఉండేది, ఇప్పుడు బ్యాటరీ మీదే వింటున్నాను కాబట్టి అదీ లేదు.

పెట్టె మరమ్మతులో ఉన్న ఆ రెండు వారాలకని బ్యాటరీ లేని, బొటనవేలంత యూఎస్‌బీ డాక్ ఒకటి కొన్నాను. అదీ రెండు వోల్టులు ఇస్తుంది, హెచ్‌డీ 600ను హాయిగా నడుపుతుంది. ఇయర్‌ఫోన్లతో రొద అసలు లేదు. ఇప్పుడు కొత్తగా కొనేవారికి నేను చూపించేది దాన్నే: బరువు లేదు, ఉబ్బడానికి బ్యాటరీ లేదు, ధర పెట్టెలో మూడో వంతు. కరెంటు మాత్రం ఫోను నుంచే లాగుతుంది. మూడు గంటలు వింటే నా ఫోను ఛార్జీ పాతిక శాతం దాకా పోతుంది, వింటూ ఛార్జింగు పెట్టుకోవడానికీ ఉన్న ఒక్క రంధ్రం అదే ఆక్రమిస్తుంది. రైలు సంచిలో ఇప్పుడు అదే ఉంటోంది. రాత్రి భోజనాల తరువాత బల్ల దగ్గర కూర్చున్నప్పుడు పాత పెట్టెనే తీస్తాను. ఆలాపన మెల్లబడుతున్నప్పుడు ఫోను తెర వైపు చూడకుండా, నాబును వేలితో రవ్వంత పెంచుకోవచ్చు.