బడిలో నేల పటం: ఫ్లెక్సీనా, రంగు పటమా, సుద్ద గీతలా – ఏది మేలు?

కర్నూలు పిల్లలను గోడ పటం ముందు నిలబెట్టి హంద్రీ ఎటు పారుతుందో చూపమంటే, వేలిని పైనుంచి కిందికి లాగేవారే ఎక్కువగా ఉంటారు. గోడ మీద ఉత్తరం పైన ఉంటుంది, నీరు పల్లానికి పారుతుంది. ఈ రెండూ కలిసి, నది అన్నాక దక్షిణానికే పోవాలన్న పొరపాటు వాళ్ల మనసులో నాటుకుంటుంది. నిజానికి హంద్రీ ఈశాన్యంగా సాగి కర్నూలు దగ్గర తుంగభద్రలో కలుస్తుంది. పెన్నా సైతం నంది కొండల్లో పుట్టి, అనంతపురం సీమలో చాలా దూరం ఉత్తరంగా నడిచి, ఆ తర్వాతే తూర్పుకు మళ్లి తాడిపత్రి, గండికోట మీదుగా నెల్లూరు వైపు పోతుంది. పటాన్ని గోడ మీదనుంచి దించి, పటంలోని ఉత్తరం నిజమైన ఉత్తరానికి సరిపోయేటట్టు నేల మీద పరిస్తే, పైకీ కిందికీ అన్న మాటే ఉండదు. నేల పటం కావాలనడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

ఉన్నత పాఠశాలల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (తాకితే పనిచేసే పెద్ద తెరలు) వచ్చాక ఇంకా పటాలెందుకని అడిగేవారు ఉన్నారు. గండికోట లోయను ఉపగ్రహ చిత్రంలో చూపడానికి ప్యానెల్‌కు సాటి లేదు. అయితే తెర మీద వేళ్లతో పెంచిన ప్రతిసారీ స్కేలు మారిపోతుంది. ఇప్పుడు జానెడు కనిపించిన దూరం మరుక్షణం బారెడు అవుతుంది, కాబట్టి ఏ ఊరు ఏ ఊరికి ఎంత దూరమన్న అంచనా పిల్లల్లో నిలవదు. పైగా ఒకరు తాకుతుంటే తరగతి అంతా చూస్తూ కూర్చోవాలి. నేల పటంలో స్కేలు మారదు, అందరి అడుగులకూ చోటు ఉంటుంది.

నేల పటం వేయడానికి మన బడులకు మూడు దారులు ఉన్నాయి: అచ్చు వేయించిన ఫ్లెక్సీ, నేలకు వేసిన రంగు పటం, పిల్లలే గీసుకునే సుద్ద పటం.

అమెరికాలో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ ఇలాంటి పెద్ద వినైల్ పటాలను తయారు చేయించి బడి నుంచి బడికి తిప్పింది. పిల్లలు బూట్లు విప్పి వాటి మీద నడిచేవారు. భారతదేశం మొత్తం కావాలంటే మన దగ్గర కూడా అచ్చు పటమే నయం. దేశం ఉత్తర దక్షిణాలుగా 3,214 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 2,933 కిలోమీటర్లు. ఒక మీటరుకు 500 కిలోమీటర్లు చొప్పున వేసుకుంటే దాదాపు ఆరున్నర మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు వస్తుంది. బెంచీలు తీసిన పెద్ద గదిలోనో, ప్రార్థన జరిగే ఆవరణలోనో ఇది పడుతుంది. ఈ స్కేలులో అనంతపురం అరేబియా సముద్రానికి 70 సెంటీమీటర్ల దూరంలో, బంగాళాఖాతానికి 55 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. నైరుతి రుతుపవనంగా ఒక బృందాన్ని పశ్చిమ తీరం నుంచి నడిపించి, పడమటి కనుమల దగ్గర చేతిలోని చింతపిక్కలు చాలావరకు కిందికి జారవిడవమంటే, అనంతపురం చేరేసరికి ఎన్ని మిగిలాయో పిల్లలే లెక్కపెట్టుకుంటారు. కొండలు వాన మబ్బులను అడ్డుకోవడంతో ఇవతలి వైపు వాన తగ్గే వర్షచ్ఛాయ అన్న పాఠం ఈ జిల్లాలో పుట్టిన పిల్లలకు ఇలాగే చెప్పాలని నా గట్టి నమ్మకం.

దేశ సరిహద్దుల విషయంలో మాత్రం ఎంత జాగ్రత్త పడినా ఎక్కువ కాదు. ఫోనులో దొరికిన బొమ్మను అచ్చుకు ఇవ్వకూడదు. సర్వే ఆఫ్ ఇండియా పటాన్నే ఆధారంగా తీసుకోవాలి. ఫ్లెక్సీకి ఉన్న లోపాలు వేరు. మన ఎండలకు రంగు వెలుస్తుంది, మడతల దగ్గర చిట్లుతుంది, తడి కాళ్లతో నడిస్తే జారుతుంది. అంతకన్నా బాధ కలిగించేది, పాడవుతుందన్న భయంతో దాన్ని చుట్టి బీరువాలో పెట్టి, తనిఖీల నాడు మాత్రమే బయటికి తీయడం. దేశపటాన్ని తొక్కించడం తప్పని కొందరు తల్లిదండ్రులు అనుకోవచ్చు. ఆ భావనను కొట్టిపారేయకుండా, చెప్పులు బయటే విడిపించి, పటం మీద జెండా, దేవతామూర్తుల బొమ్మలు లేకుండా చూస్తే అభ్యంతరం చాలావరకు తీరుతుంది.

సొంత సీమను నేర్పడానికి ఫ్లెక్సీ కన్నా రంగు పటమే ఎన్నో రెట్లు మేలు. ఇందుకు మన సీమలో ఒక మంచి వసతి ఉంది. ఇక్కడి బడుల్లో చాలాచోట్ల నేలకు బేతంచెర్ల బండలు గానీ, కడప బండలు గానీ పరిచి ఉంటాయి. చదరపు బండల మధ్య కీళ్లే పటాన్ని పెద్దది చేయడానికి కావలసిన గళ్లు. అడుగు బండకు 20 కిలోమీటర్లు అనుకుంటే పదిహేను అడుగుల చదరంలో ఉమ్మడి కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలు మూడూ ఇముడుతాయి. కర్నూలు నుంచి అనంతపురానికి గాలి దూరం సుమారు 135 కిలోమీటర్లు, అంటే ఏడు బండలకు కాస్త తక్కువ. పుస్తకంలోని పటానికి అన్నే గళ్లు గీసి, ఒక్కో గడిలోని గీతను ఒక్కో బండ మీదికి ఎక్కించడం చుక్కల ముగ్గు వేసే చేతులకు కొత్త పని కాదు. కీళ్లు ఉత్తర దక్షిణాలకు సరిపోయాయో లేదో ముందే దిక్సూచితో చూసుకోవాలి; బాగా వంకరగా ఉంటే ఆ గదిని వదిలేసి మరో చోటు వెతకడమే మంచిది.

ఈ పటం మీద చెప్పగలిగే పాఠాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఒకటుంది. హంద్రీ నీరు తుంగభద్ర ద్వారా కృష్ణకు పోతుంది. ఎర్రమల కొండల్లో పుట్టిన కుందూ దక్షిణంగా నంద్యాల మీదుగా సాగి కమలాపురం ప్రాంతంలో పెన్నాలో కలుస్తుంది. ఈ రెండింటి మధ్య కాళ్లు చాపి నిలబడిన పిల్లకు ఒక పాదం కృష్ణా పరీవాహకంలో (కృష్ణకు నీరు చేరే ప్రాంతంలో), మరో పాదం పెన్నా పరీవాహకంలో ఉంటాయి. తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి సుమారు 306 కిలోమీటర్లు సాగే కె.సి. (కర్నూలు–కడప) కాలువ ఈ రెండు పరీవాహకాల మధ్య గట్టును దాటించి తుంగభద్ర నీటిని కడప వరకు తెస్తుందని అప్పుడు చెబితే, కాలువ తవ్వడం ఎందుకంత పెద్ద పనో విడిగా వివరించనక్కరలేదు. నదుల వెంట తాడు అతికిస్తే, చూపు లేని పిల్లలు కూడా ఒట్టి పాదాలతో పెన్నా మలుపును గుర్తుపడతారు.

సుద్ద పటానికి ఖర్చు లేదు, ఆరుబయట మట్టి నేల మీద ముగ్గుపిండితోనైనా వేయవచ్చు. కానీ వానకో, మరునాటి ఆటకో చెరిగిపోతుంది. ప్రతిసారీ మొదటినుంచి గీయడానికి పీరియడ్ సమయం చాలదు. కాబట్టి మొత్తం పటాన్ని సుద్దతో వేయమని నేను చెప్పను.

రెండింటినీ కలపడమే నా ఎంపిక: నదులు, కొండలు, ఊళ్లు రంగుతో, జిల్లాల హద్దులు సుద్దతో. బళ్లారి 1953లో మైసూరుకు వెళ్లింది; 1970లో మార్కాపురం ప్రాంతం కర్నూలు నుంచి విడిపోయి ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలో చేరింది; 2022 ఏప్రిల్ 4న నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వచ్చాయి. ఆ గీతలను రంగుతో వేస్తే పటం పాతబడుతుంది. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో ఎనిమిదో తరగతి వారు అప్పటి హద్దులను చూసుకొని సుద్దతో గీస్తే, ఆ పని వారికే ఒక పాఠమవుతుంది, మిగతా తరగతులకు ఆ ఏడాదికి సరైన పటం దొరుకుతుంది.